ఉత్తరపు చెక్కలో పడిన వాన

తన పొలం, గొర్రెలు చూసుకునే సేమిసిని పనిలోంచి తీసేశానని లైల్ జాడో చెప్పినప్పుడు వెర్నా నోస్కే తన కొట్టులో గొర్రెల మందు డబ్బాలు అరలో సర్దుతోంది. మంగళవారం పొద్దున. ఆగస్టు చివరికొచ్చినా చలి ఇంకా తలుపు కింద నుంచి దూరుతూనే ఉంది. లైల్ బల్ల మీద మోచేతులు ఆనించి, టోపీ తియ్యకుండా, గేటు బందు విరిగిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. మనిషి మంచివాడేననీ, పన్నెండేళ్లుగా చూస్తున్నాననీ, అయినా కల్చర్ ప్యాకెట్లను ఎండలో వదిలేసి పోయేవాణ్ణి ఎలా నమ్మమంటావనీ అన్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యడానికి రెండు వారాలిచ్చాడు. ఇల్లు లైల్‌ది, పనితో పాటు వచ్చింది, పనితో పాటే పోతుంది.

ఎండలో వదిలిన సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. ఆ కల్చర్ అంటే మసూరు పప్పు విత్తనానికి పట్టించే నల్లటి పొడి. చూడ్డానికి మట్టిలా ఉంటుంది గానీ, అందులో ఉండేది బతికున్న బ్యాక్టీరియా. అది వేరును పట్టుకుని బుడిపె కడుతుంది, గాలిలోని నత్రజనిని మొక్కకు తిండిగా మారుస్తుంది. విత్తేదాకా దాన్ని ఫ్రిజ్‌లో ఉంచాలి. మే నెలలో సేమిసి వెర్నా కొట్టు ఫ్రిజ్‌లోంచి ఆ పెట్టె తీసుకుని, యూట్ బండికి వెనకుండే పైకప్పు లేని తొట్టిలో పెట్టి, బేకరీ ముందు ఆపి లోపలికెళ్లాడు. మే అంటే ఈ దేశంలో చలికాలం మొదలయ్యే నెలే. ఆ రోజు మాత్రం ఎండ గట్టిగా కాసింది. అరగంట తర్వాత పై అనే మాంసం కూరిన రొట్టె తింటూ బయటికొచ్చాడు. విత్తనాలు వేసిన మూడు నెలలకు లైల్ ఉత్తరపు చెక్కలో ఎనభై హెక్టార్ల మసూరు చేను పసుపు పచ్చగా నిలబడిపోయింది.

"నీ సరుకు మీద నాకేం అనుమానం లేదు వెర్నా," అన్నాడు లైల్. "నీ దగ్గర బతికే ఉంది. దార్లో చచ్చింది."

వెర్నా తల ఊపింది. ఒక డబ్బాను ముందుకు జరిపి, మళ్లీ వెనక్కి జరిపింది. తప్పు తన గడప దాటాకే జరిగిందన్న మాట వినడానికి ఆమెకు హాయిగానే ఉంది. ఇరవై ఆరేళ్లుగా మాలీ అనే ఈ మెట్ట ప్రాంతపు పొలాల మధ్య కొట్టు నడుపుతోంది. ఆమె అమ్మేది మందులూ విత్తనాలే అయినా, జనం కొనేది ఆమె మాట. ఏ పొలంలో ఏం వెయ్యొచ్చో, ఎప్పుడు వెయ్యొచ్చో ఆమె చెబితే యంత్రం కదులుతుంది. ఆ మాట పోతే డబ్బాలు నది పక్కన పట్నంలోనూ దొరుకుతాయి.

మర్నాడు సేమిసి వచ్చాడు. తలుపు దగ్గరే బూట్ల మట్టి దులుపుకుని, ఎత్తైన మనిషి కాబట్టి వేలాడదీసిన తాళ్ల కింద తల వంచుకుని లోపలికొచ్చాడు. ఖాళీ అట్టపెట్టెలు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. సామాను సర్దుకోవడానికట. లూపే, అంటే అతని భార్య, గిన్నెలకి గట్టి పెట్టెలు కావాలందట.

వెర్నా వెనక గదిలోంచి మందు పెట్టెలు తెచ్చి, చదును చేసి, కట్ట కట్టింది. సేమిసి తాడు మీద వేలు పెట్టి పట్టుకున్నాడు, ఆమె ముడి వేసింది. ఎక్కడికి వెళ్తున్నారని అడిగింది. నది వైపు నారింజ తోటల్లో చూస్తామన్నాడు. టోంగా దీవుల నుంచి వచ్చిన కొత్తలో అక్కడే కాయలు కోశాడు. ఇప్పుడు మోకాళ్లు నిచ్చెన ఎక్కనిస్తాయో లేదో తెలీదన్నాడు.

కట్ట భుజానికెత్తుకుని కూడా అతను కదల్లేదు.

"వెర్నా, మీకో మాట చెప్పాలి. మీ సరుకు పాడు చేశాను. ఆదివారం చర్చిలో కూడా లేచి నిలబడి చెప్పాను. మీకు చెప్పకపోతే బాగోదు."

"అరగంటేగా, సేమిసి."

"అరగంటే. పైలు అప్పుడే పొయ్యిలోంచి తీస్తున్నారు. ఆగుదామనిపించింది." నవ్వబోయాడు. "లూపే అంటుంది, ఎనభై హెక్టార్లు మింగిన పై ఎలా ఉందో చెప్పు, కనీసం రుచైనా బాగుందా అని."

అతను వెళ్లాక వెర్నా బల్ల తుడిచింది. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. సరుకు గురించి ఆమెకు తెలియనిదేం కాదు. అరగంట ఎండ ఆ పొడిలో కొంత చంపుతుంది. సగమే పోయిందనుకుందాం. మిగతా సగం అక్కడక్కడ బుడిపెలు కట్టాలి. చేనంతా ఒక్కలా పసుపెక్కదు. ఈ లెక్క కుదరదని నిన్ననే తెలియాల్సింది, నిన్న ఆమె దాన్ని వెయ్యదలచుకోలేదు, అంతే. మధ్యాహ్నం కొట్టు తలుపుకు చీటీ అంటించి, పారా, బకెట్, రెండు డబ్బాల నీళ్లు బండిలో పెట్టుకుంది.

ఉత్తరపు చెక్క లైల్ ఇంటికి ఇరవై రెండు కిలోమీటర్లు. సున్నపురాయి పొలం. చెప్పు కింద రాళ్లు పలుకుతాయి. కంచె దాటి యాభై అడుగులు నడిచి పారా దించింది. మొక్కను పట్టి లాగితే బుడిపెలు మట్టిలోనే ఊడిపోతాయి. అందుకే చుట్టూ గడ్డ తవ్వి, గడ్డతో సహా బకెట్ నీళ్లలో ముంచి, మట్టి దానంతట అది జారేదాకా ఆగింది. వేళ్లు బయటపడ్డాయి. పొట్టిగా, చివర్లు కొరికేసినట్టున్నాయి. బుడిపె ఒక్కటి లేదు. మరో చోట తవ్వింది, మరో చోట. పది మొక్కలకు రెండు బుడిపెలు కనిపించాయి, ఆవగింజంత. గోటితో చీల్చి చూస్తే లోపల తెల్లగా ఉన్నాయి. పని చేసే బుడిపె లోపల గులాబీ రంగులో ఉండాలి.

నడుం పట్టేసి నిలబడినప్పుడు కరెంటు స్తంభాల వరస కనిపించింది. చేను మధ్యలోంచి ఏడు స్తంభాలు. ఒక్కోదాని చుట్టూ ముదురాకుపచ్చ వలయం. స్తంభాల చుట్టూ పచ్చగా ఉంటే అది కలుపేనని ఈ ప్రాంతంలో ఎవరూ రెండోసారి చూడరు. కలుపు మందు కొట్టే స్ప్రేయర్ యంత్రానికి రెక్కలు వెడల్పు, స్తంభం వచ్చేసరికి డ్రైవర్ దూరంగా తిప్పుకుని పోతాడు. విత్తే యంత్రం ఇరుకు కాబట్టి ఇంకా దగ్గరికి వెళ్తుంది. మందు పడని ఆ కాస్త మేరలోనూ విత్తనం పడుతుంది.

ఆమె కూడా కలుపనుకునే దగ్గరికెళ్లింది. రైగడ్డి అనే కలుపు ఉన్నమాట నిజమే. గడ్డి మధ్య మసూరు మొక్కలు మోకాలి కిందివరకూ ఉన్నాయి, ఒక్క పసుపు ఆకు లేదు. తవ్వి, ముంచి, ఆగింది. నీళ్లలో వేళ్లు విచ్చుకున్నాయి. పక్కవేళ్ల నిండా బుడిపెలు. ఒకదాన్ని గోటితో నొక్కింది. గోరంతా గులాబీ రంగు.

అదే విత్తనం, అదే పెట్టెలోని పొడి, అదే రోజు, అదే సాలు. సాలు వెంట నడిచింది. వలయం దాటిన నాలుగో అడుగులో మొక్క పసుపెక్కింది. మిగతా ఆరు స్తంభాలకూ బకెట్ మోసుకుంటూ వెళ్లింది. మూడో స్తంభం దగ్గరే సంగతి తేలిపోయింది. మిగిలినవి ఎందుకు చూస్తోందో ఆమెకు తెలుసు. ఒక్కచోటైనా తప్పిపోతే బాగుండుననిపించింది. తప్పలేదు.

రెండేళ్ల కిందట జూన్‌లో ఈ చెక్కలో గోధుమ మీద కలుపు మందు కొట్టారు. హెక్టారుకు పదిహేను గ్రాములు, అరచేతిలో పట్టే గుళికలు. మంచి మందు. ఆమే అమ్మింది. సున్నపు నేలలో అది త్వరగా కరిగిపోదు. వాన పడి, నేల తడిసి, నెలలు గడిస్తేనే పోతుంది. ఈలోగా మసూరు వేస్తే మొక్క చావదు. వేరు కురచబడుతుంది, ఆ వేరును పట్టుకోవాల్సిన బ్యాక్టీరియా పట్టుకోలేక మట్టిలోనే అల్లాడిపోతుంది. అందుకే డబ్బా మీద రెండు అంకెలుంటాయి. ఇరవై రెండు నెలలు గడవాలి. ఐదొందల మిల్లీమీటర్ల వాన పడాలి. మార్చిలో లైల్ వచ్చి వెయ్యొచ్చా అని అడిగితే వెర్నా వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, వాన పుస్తకం తిరగేసి, ఐదొందల పన్నెండు అని చెప్పింది. వెయ్యమంది.

కొట్టుకు తిరిగొచ్చి ఆ పుస్తకం మళ్లీ తీసింది. గోడ మీద వాన బోర్డు ఉంటుంది. వాన పడిన మర్నాడు రైతులంతా ఫోన్లు చేసి తమ తమ వాన కొలిచే గొట్టాల్లో ఎంత నిండిందో చెబుతారు, ఆమె రాస్తుంది, నెలాఖరుకు పుస్తకంలోకి ఎక్కిస్తుంది. జనవరి పేజీలో జాడో ఉత్తరం అన్న వరసలో యాభై ఎనిమిది అని ఆమె చేతిరాతే. ఆ చెక్క నుంచి ఆ రోజు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. పక్క పొలంవాడు యాభై ఎనిమిది చెప్పాడు. బోర్డు మీద ఒక్క గడి ఖాళీగా ఉంటే కంటికి అడ్డం తగులుతోందని అదే అంకె వేసేసింది.

అక్కడితో అయిపోయుంటే అది పొరపాటు అనొచ్చు. నాలుగు రోజులకు సేమిసి గొర్రెల ఉప్పు కోసం వచ్చి, బోర్డు చూసి, ఉత్తరపు చెక్కలో తొమ్మిదే పడిందని చెప్పాడు. ఉరుము వాన, కంచెకు అటు పడి ఇటు పడకపోవడం ఇక్కడ వింతేం కాదు. కానీ ఆ రోజు కొట్టు నిండా జనం. నాలుగు రోజుల తర్వాత చూస్తే ఎండకి ఆవిరైపోదా అంది ఆమె. వాన వెలిసిన పొద్దునే చూశానన్నాడు. గొట్టం ఒరిగిపోయిందేమో చూసుకో అని ఉప్పు సంచి అతని వైపు తోసింది. అదే మాట లైల్ చెప్పుంటే తడిబట్ట తీసుకుని అంకె తుడిచేది. ఇది ఆమె తనలో తాను ఒప్పుకోవడానికి పుస్తకం ముందు చాలాసేపు నిలబడాల్సి వచ్చింది.

యాభై ఎనిమిదిలోంచి తొమ్మిది తీసేసి, మిగిలింది ఐదొందల పన్నెండులోంచి తీసింది. నాలుగొందల అరవై మూడు.

గురువారం ఆమె లైల్‌కి ఫోన్ చెయ్యలేదు. చేద్దామని రెండుసార్లు తీసింది. కొట్టుకొచ్చినవాళ్లు ఆ పై రొట్టె గురించే మాట్లాడుకున్నారు. బేకరీవాళ్లు ఆ రొట్టెకి సేమిసి పేరు పెట్టాలని ఒకాయన అంటే, మసూరు నింపి అమ్మాలని ఇంకొకాయన. వెర్నా నవ్వలేదు, ఆపమనీ అనలేదు. చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టింది.

శుక్రవారం దక్షిణం వైపు రైతు ఒకడు వచ్చి, కిందటేడు అదే మందు కొట్టిన పొలంలో వచ్చే మేలో శనగ వెయ్యొచ్చా అని అడిగాడు. ఎప్పట్లా ఆమె పుస్తకం అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ముందు నీ గొట్టం పుస్తకం తీసుకురా అంది. బోర్డు మీద ఉందిగా అన్నాడతను. బోర్డు వద్దు, నీ చేత్తో రాసుకుంది తీసుకురా అంది. అతను వింతగా చూసి వెళ్లిపోయాడు. ఆ చూపు చిన్నదే. ఊళ్లో అలాంటివి పదకొండు కుటుంబాలున్నాయి, ఆమె మాట మీద విత్తేవి. రేపు తను నోరు తెరిస్తే ఆ చూపులు ఎలా ఉంటాయో ఆమెకు నమూనా దొరికింది. తెరవకపోతే ఎవరికీ ఏమీ తెలీదు. స్తంభాల దగ్గరికి ఎవరూ వెళ్లరు. మరో పది పదకొండు రోజుల్లో సేమిసి వెళ్లిపోతాడు. వెళ్తూ కూడా క్షమించమనే చెబుతాడు.

ఆఖరి మాట దగ్గర ఆమె లెక్క ఆగిపోయింది. కొట్టు మూసే ముందు లైల్‌కి ఫోన్ చేసి, పొద్దున్నే ఉత్తరపు చెక్కకి రమ్మంది. ఎందుకన్నాడు. పారా నేను తెస్తాను, నువ్వు రా అంది.

శనివారం లైల్ కంటే ముందే చేరి రెండు బకెట్లలో నీళ్లు పోసి ఉంచింది. అతను వచ్చాక మాట్లాడకుండా చేనులో ఒకచోట తవ్వి మొదటి బకెట్‌లో ముంచింది, స్తంభం దగ్గర తవ్వి రెండోదాంట్లో. రెండు మొక్కలనూ వేళ్లతో సహా అతని అరచేతుల్లో పెట్టింది. లైల్ చిన్నప్పట్నుంచి మట్టిలో ఉన్నవాడు. బుడిపెను తనే చీల్చాడు. గులాబీ రంగు చూసి, స్తంభం వైపు చూసి, మిగతా ఆరు స్తంభాలను వరసగా చూశాడు. ఆమె చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు. అయినా మొత్తం చెప్పింది. బోర్డు, ఖాళీ గడి, పక్కవాడి అంకె, ఉప్పు సంచి.

"నీకిది ఎప్పుడు తెలిసింది?"

"బుధవారం."

"ఇవాళ శనివారం."

"అవును."

లైల్ మొక్కలను బకెట్‌లో వేసేసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. కోప్పడతాడనుకుంది. అతను దూరంగా గొర్రెల వైపు చూస్తూ, ఇప్పుడు నువ్వు తొమ్మిదంటున్నావు, అప్పుడు యాభై ఎనిమిదన్నావు, ఏది నమ్మాలి అన్నాడు. ఒక మనిషిని ఇంట్లోంచి పొమ్మన్నాక, ఆ పొమ్మన్నది ఉత్తపుణ్యానికని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. సేమిసి దగ్గర పుస్తకం ఉంటుంది కదా, గొర్రెలూ తొట్లూ వానా అన్నీ రాస్తాడు కదా, అది చూద్దాం పద అంది వెర్నా. దాంతో తన మెడకు ఉచ్చు బిగుస్తుందని తెలిసే అంది.

సేమిసి ఇంటి వరండాలో సగం పెట్టెలు అప్పటికే టేపు వేసి ఉన్నాయి. వాటి మీద గొర్రెల పురుగు మందు పేరు, దాని మీద లూపే అక్షరాల్లో గిన్నెలు, దుప్పట్లు. సేమిసి గొడ్డలికి పిడి బిగిస్తున్నవాడు లేచాడు. లైల్ పుస్తకం అడిగాడు. ఎందుకని అడక్కుండా అతను చొక్కా జేబులోంచి తీసిచ్చాడు. చెమటకు అట్ట మెత్తబడిన చిన్న పుస్తకం. లైల్ పేజీలు తిప్పి, జనవరి దగ్గర ఆగి, వెర్నాకు చూపించాడు.

అందులో తొమ్మిది ఉంది. దాని మీద తిన్నగా ఒక గీత కొట్టి, పక్కన శుభ్రంగా రాసి ఉంది, యాభై ఎనిమిది.

"ఇదేంటి సేమిసి?" అంది వెర్నా.

సేమిసి వంగి చూశాడు. "అదా. ఉప్పు కోసం వచ్చిన రోజు మీరు చెప్పారుగా. గొట్టం ఒరిగిందేమోనని వెళ్లి చూశా. నిటారుగానే ఉంది. మరి నేనే తప్పు చదివానేమో అనుకున్నా. ఇన్నేళ్లుగా రాస్తున్నారు, మీకు తెలీదా. అందుకే సరిదిద్దేశా."

లైల్ పుస్తకాన్ని ఆమె వైపు పట్టుకునే ఉన్నాడు. వెర్నా వ్యాపారం చేసిన మనిషి, కాగితం విలువ ఆమెకు చెప్పక్కర్లేదు. కొట్టు పుస్తకంలో యాభై ఎనిమిది. పొలం పుస్తకంలో యాభై ఎనిమిది. ఆ చెక్కలో తొమ్మిదే పడిందని చెప్పే సాక్ష్యం ఈ లోకంలో ఒక్కటే మిగిలింది, అది ఆమె నోరు. ఇప్పుడు నేనే పొరబడ్డానేమో లైల్ అంటే చాలు. అతనూ అదే వినాలనుకుంటున్నాడని అతని బొటనవేలు పేజీని నొక్కి పట్టుకున్న తీరులోనే ఉంది. ఎదురుగా సేమిసి కూడా, ఆమె ఏమంటే అది సరేనన్నట్టు, ఓపిగ్గా నిలబడ్డాడు.

ఆ ఓపిక చూసి ఆమెకు తల ఎత్తాలనిపించలేదు. తన వల్ల అతని పనీ పోయింది, ఇల్లూ పోయింది అనుకుని వచ్చింది. తను తీసుకున్నది అంతకంటే ముందే, ఉప్పు సంచి తోసిన రోజే తీసుకుంది. కళ్లారా చూసిన అంకెను అతని చేతే కొట్టేయించింది.

పెన్ను అడిగింది. సేమిసి జేబులోంచే ఇచ్చాడు. వరండా రెయిలింగు మీద పుస్తకం పెట్టి, యాభై ఎనిమిది మీద గీత కొట్టి, కింద తొమ్మిది రాసింది. కాగితం మెత్తగా ఉండి పెన్ను దిగబడింది. పక్కన తన పేరంతా రాసింది, ఇవాళ్టి తారీఖు వేసింది.

"నువ్వు సరిగ్గానే చదివావు," అంది. "పడింది తొమ్మిదే. నువ్వు చెప్పావు, నేను వినలేదు. చేను పోయింది నా మాట వల్ల."

సేమిసి పుస్తకం తీసుకుని ఆ అంకె వైపు చూశాడు. తర్వాత అడిగింది చేను గురించి కాదు.

"మరి పెట్టె ఎండలో పెట్టాగా. అవి చావలేదా?"

"కొన్ని చచ్చుంటాయి. చాలినన్ని బతికాయి. స్తంభాల దగ్గర చూడు, ఎలా ఉన్నాయో."

లైల్ దగ్గి, టోపీ వెనక్కి నెట్టి, తూర్పు తొట్టి పంపు మళ్లీ మొరాయిస్తోందని, సోమవారం ఎవరైనా చూడాలని సేమిసి వైపు చూడకుండా, వరండా స్తంభానికి చెప్పినట్టు చెప్పాడు. సోమవారం తోటలో పని అడగడానికి వెళ్తున్నానన్నాడు సేమిసి. పంపు నీ చేతికి తప్ప లొంగదు కదా అన్నాడు లైల్.

అప్పటిదాకా కనబడని లూపే తెర తలుపు వెనక నుంచి మాట్లాడింది.

"ఆయన అడుగుతున్నది పంపు గురించా, మనల్ని ఉండమనా? తేలిస్తే ఈ టేపు సంగతి చూసుకుంటాను."

లైల్ టోపీ తీశాడు. నెత్తి మీద టోపీ గీత కింద ఎర్రగా, పైన తెల్లగా ఉంది.

"ఉండమని," అన్నాడు. "తప్పు నాది కూడా. అడక్కుండానే నిన్ను అనేశాను."

సోమవారం పొద్దున పంపు చూస్తాను, మిగతాది లూపేతో మాట్లాడి చెబుతాను అన్నాడు సేమిసి. పన్నెండేళ్లలో అతను లైల్‌కి ఆలోచించి చెబుతాననడం ఇదే మొదటిసారి. లైల్ సరేనని మెట్లు దిగాడు.

వెర్నా ఇంకా రెయిలింగు దగ్గరే ఉంది. ఆ ఇంటికి ఎవరొచ్చినా లూపే తినకుండా పోనివ్వదు. కరెంటు రీడింగు తీసేవాడికైనా ముందు కుర్చీ వేసి, తర్వాతే మీటరు చూపిస్తుంది. ఇవాళ కుర్చీ వెయ్యకుండానే తెర తలుపు తీసుకుని బయటికొచ్చి, గిన్నెలు అని రాసిన పెట్టె దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. టేపు అంచు దొరక్క గోటితో గీకింది. దొరికింది. లాగింది. అట్ట మీద రాతతో సహా చీరుకుంటూ వచ్చింది. లోపలి నుంచి ఒక గిన్నె తీసి పక్కన పెట్టి, ఇంకొకటి తియ్యబోయి ఆగింది.

వెర్నా నిలబడ్డ చోట పెట్టె మూత అడ్డం వస్తోంది.

"కాస్త జరగండి," అంది లూపే.

వెర్నా జరిగింది. జరిగి, మెట్లు దిగి, బండి వైపు నడిచింది.